నీటి ఉప్పదనాన్ని దాచుకున్న చిప్పలు

రాజమహేంద్రవరం పక్కన కాటేరులోనూ, గోదావరికి పడమటి వైపున దుద్దుకూరు ప్రాంతంలోనూ లావా పొరల నడుమ సన్నగా ఇరుక్కున్న సున్నపురాయి, బంకమట్టి పొరలను భూగర్భశాస్త్రజ్ఞులు అంతర్‌ట్రాపియన్ పొరలంటారు. ఒక లావా ప్రవాహం చల్లారి మరొకటి వచ్చి కప్పేలోపు, సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట, అక్కడ నిలిచిన నీటి అడుగున పేరుకున్నవవి. ఆ నీరు మంచినీరా, ఉప్పునీరా, రెండూ కలిసినదా అని తేల్చడానికి ఆస్ట్రకోడ్లంత నమ్మదగిన సాక్షులు అరుదు. రొయ్యలు, పీతల వర్గానికే చెందిన ఈ జీవులు చాలావరకు ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉండి, రెండు సున్నపు చిప్పల మధ్య ఒదిగి బతుకుతూ, ఎదిగేకొద్దీ పాత చిప్పలు విడిచి కొత్తవి కట్టుకుంటాయి.

రాతిముక్కను నానబెట్టి, సన్న జల్లెడ మీద కడిగి, ఆరిన రవ్వను నల్లని పళ్లెంలో పరచి, సూక్ష్మదర్శిని కింద తడి కుంచె మొనతో చిప్పలను ఒక్కొక్కటిగా ఏరడమే ఈ విద్యలో అసలు శ్రమ. నిండైనవాటిని, అందమైనవాటిని మాత్రమే ఏరే చేయి ఎంత నేర్పుగలదైనా సాక్ష్యాన్ని పాడుచేస్తుంది; ఎందుకంటే ఎదిగినవాటితోపాటు వేర్వేరు దశల పిల్లల చిప్పలూ కలిసి దొరికినప్పుడే అవి అక్కడే పుట్టి పెరిగాయని చెప్పగలం, అన్నీ ఒకే పరిమాణంలో ఉంటే ప్రవాహం ఎక్కడినుంచో మోసుకొచ్చి వడగట్టిందని అనుమానించాలి.

నేటికీ ఐరోపా తీరపు కయ్యల్లో బతికే సైప్రిడీస్ టోరోసా అనే జాతి, చిప్పల నుంచి నీటి ఉప్పదనాన్ని చదవడానికి కొలబద్ద. సముద్రంలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణం ఉండగా, అది నాలుగైదు గ్రాములకు పడిపోయిన నీటిలో ఈ జాతి చిప్పలపై తరచు బోలు బుడిపెలు లేస్తాయి. చిప్పలోని జల్లెడ రంధ్రాల్లో గుండ్రనివాటి పాలు ఉప్పు పెరిగేకొద్దీ తగ్గుతుంది.

దీని దగ్గరి బంధువైన నియోసైప్రిడీస్ దుద్దుకూరులోనే కాక, సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన మధ్యప్రదేశ్‌లోని ఝిల్మిలీలోనూ దొరికింది. అయితే ఎండకు ఇగిరి ఉప్పెక్కిన లోనాటి సరస్సు కూడా ఇలాంటి ఆస్ట్రకోడ్లకు ఆశ్రయమివ్వగలదు కనుక, అవి ఉప్పును నిరూపిస్తాయే గానీ సముద్రాన్ని కాదు. అందుకే 2009లో గెర్టా కెల్లర్ బృందం ఝిల్మిలీ నుంచే సముద్రంలో తేలుతూ బతికే ఫొరామినిఫెరా అనే ఏకకణజీవుల పెంకులను ప్రకటించడం కీలకమైంది. ఆ ఉప్పునీరు నర్మదా లోయ గుండా వచ్చిందా, గోదావరి వైపునుంచా అన్న ప్రశ్నకు జవాబును దుద్దుకూరు, ఝిల్మిలీల మధ్యనున్న పొరల్లో, పిల్లచిప్పలను కూడా వదలకుండా ఏరుతూ వెతకాలి.