కథ మళ్ళీ మొదటికి: నింజా గైడెన్ నుంచి సెకీరో దాకా

నవల మీదా, నాటకం మీదా, సినిమా మీదా మనకి విమర్శ ఉంది. మన ఇళ్ళల్లో పిల్లలూ, ఆ మాటకొస్తే నలభై దాటిన పెద్దవాళ్ళూ గంటల తరబడి ఆడే వీడియో గేముల గురించి మాత్రం తెలుగులో ఎక్కువగా రెండే రకాల మాటలు వినిపిస్తాయి. ఒకటి: "కళ్ళు పోతాయిరా, ఇంక కట్టెయ్." రెండోది: "ఆటలంటే మా రోజుల్లోవే. ఇప్పటివీ ఆటలేనా?" మొదటిది మందలింపు, రెండోది బెంగ. రెండూ విమర్శ కావు. ఒక ఆట మంచిదా కాదా, మంచిదైతే ఎందుకు మంచిది అని అడగడం విమర్శ. జపానువాళ్ళు చేసిన కొన్ని యాక్షన్ ఆటల్ని ఆ ప్రశ్న అడగాలని ఈ ప్రయత్నం.

ఈ ఆటల గురించి ఎవర్ని కదిపినా ముందు వచ్చే మాట "అబ్బో, చాలా కష్టం" అని. కాబట్టి కష్టం దగ్గరే మొదలుపెడదాం. నా వాదన ముందే చెప్పేస్తాను. కష్టం దానంతటది గుణమూ కాదు, దోషమూ కాదు. ఆ కష్టాన్ని ఎవరి లాభం కోసం పెట్టారు, ఓడిపోయినవాడి చేతికి అది ఏమిచ్చి పంపుతుంది అన్నదే అసలు సంగతి.

టెక్మో కంపెనీ 1988 డిసెంబరులో జపానులో ఫామికామ్ కోసం 'నింజా ర్యూకెన్‌డెన్' అనే ఆట విడుదల చేసింది. మరుసటి ఏడు అది 'నింజా గైడెన్' అన్న పేరుతో అమెరికాకి వచ్చింది. దర్శకుడు హిడియో యోషిజావా. కథ మన ప్రవాసులకి కొత్తదేమీ కాదు. ర్యూ హయబూసా అనే కుర్రవాడి తండ్రి ద్వంద్వయుద్ధానికి వెళ్ళి తిరిగి రాడు. వెళ్ళే ముందు ఉత్తరం రాసిపెట్టి పోతాడు: కత్తి తీసుకుని అమెరికా వెళ్ళు, అక్కడ వాల్టర్ స్మిత్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుణ్ణి కలుసుకో అని. కుర్రవాడు బయల్దేరతాడు. వీసా ప్రస్తావన లేదన్న మాటే గానీ మిగతాదంతా మనకి తెలిసిందే. ఇంటి నుంచి తెచ్చుకున్న విద్య ఒకటి చేతిలో ఉంటుంది, ఎదురుగా ముక్కూమొహం తెలియని ఊరు, అడుగడుక్కీ ఎవరో ఒకరు అడ్డం రావడం.

ఆరు అంకాలు, ఇరవై ఘట్టాలు. అంకాల మధ్య సినిమాలో లాగా దగ్గర్నుంచి తీసిన మొహాలు, కింద మాటలు. ఇంటి కన్సోల్ మీద కథని ఇంత విస్తారంగా బొమ్మల్లో చెప్పిన తొలి ఆటల్లో ఇదొకటి. కానీ జనానికి గుర్తున్నది కథ కాదు, పక్షి. గోతి మీద నుంచి గెంతుతూ ఉండగా ఎక్కణ్ణించో ఒక డేగ వచ్చి తగులుతుంది. దెబ్బ తగిలితే ర్యూ వెనక్కి ఎగిరి పడతాడు. వెనకాల గొయ్యి. డేగని చంపి, కుదురుకుందామని ఒక్క అడుగు వెనక్కి వేశారో, ఆ చచ్చిన డేగే మళ్ళీ పుట్టుకొస్తుంది. ఇందులో దయ్యం లేదు. ఆ యంత్రానికి ఉన్న పని జ్ఞాపకం 2 కిలోబైట్లు. తెర ఫలానా చోటికి జరిగినప్పుడు ఫలానా శత్రువు రావాలని మాత్రమే ఆటకి తెలుసు. వాణ్ణి మీరు ఇందాకే చంపారన్న సంగతి దానికి గుర్తుండదు. అందుకని ఈ ఆటలో తటపటాయించినవాడే ఎక్కువ నష్టపోతాడు. ఆగకుండా ముందుకు దూకేవాడికి దారి దొరుకుతుంది. పది సార్లు చచ్చాక మన చేతికి తెలిసేది ఇదే, ఇది ఎక్కడా రాసి ఉండదు.

ఇది న్యాయమైన కష్టమేనా? మన అవధానం సంగతి తలుచుకోండి. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అవధాని నోట రాబోయే అక్షరాన్ని పసిగట్టి, అది వద్దంటాడు. అవధాని ఇంకో దారి వెతుక్కుంటాడు. ఆ వెతుకులాటలోనే సభకి ఆనందం. కష్టపెట్టే పృచ్ఛకుడు అవధానికి శత్రువు కాదు, ఆయన పాండిత్యం బయటపడటానికి అవసరమైన మనిషి. అయితే ఎటూ దారి లేకుండా బిగించి, అవధాని తడబాటు చూసి మురిసిపోయే పృచ్ఛకుణ్ణి సభ మెచ్చుకోదు. నింజా గైడెన్ చాలామటుకు మొదటి రకం పృచ్ఛకుడు. ఎన్నిసార్లు ఓడినా మళ్ళీ ఆడనిస్తుంది, దానికి పరిమితి లేదు. శత్రువులు ఎప్పుడూ వచ్చే చోటికే వస్తారు, కాబట్టి నేర్చుకోవచ్చు. కానీ చివరి అంకంలో అది రెండో రకం పృచ్ఛకుడైపోతుంది. ఆఖరి శత్రువుల చేతిలో ఓడితే ఆ గుమ్మం దగ్గర కాక, ఆరో అంకం మొదటికి విసిరేస్తుంది. మళ్ళీ అంతా నడిచి రావడంలో కొత్తగా నేర్చుకునేది ఏమీ లేదు, అలసట తప్ప. అదే ఆటలో మంచి కష్టమూ చెడ్డ కష్టమూ పక్కపక్కనే ఉన్నాయి. "పాతవన్నీ గొప్పవి" అనే మన మిత్రులు ఈ రెంటినీ కలిపేసి పొగుడుతూ ఉంటారు.

కష్టానికి వెనకాల వ్యాపారం కూడా ఉంది. అదే 1988లో టెక్మో ఇదే పేరుతో ఆర్కేడ్ యంత్రం ఆట ఒకటి చేసింది. అందులో ఓడిపోతే, ర్యూని కట్టి పడుకోబెట్టి, పైనుంచి గుండ్రటి రంపం దించుతారు. లెక్క తిరుగుతూ ఉంటుంది. నాణెం వేస్తే బతుకుతాడు. ఇంతకంటే నిజాయితీగా ఆర్కేడ్ ఆర్థికశాస్త్రం ఎవరూ చెప్పలేరు. ఆర్కేడ్ అమ్మేది ప్రాణాలు. అమెరికాలో వీడియో క్యాసెట్లతో పాటు ఆటల క్యాట్రిడ్జులు కూడా అద్దెకి దొరికేవి. జపానులో ఆ పద్ధతి దాదాపు లేదు. అద్దెకి తెచ్చుకున్న పిల్లవాడు శనాదివారాల్లో ఆట పూర్తిచేసేస్తే ఇక కొనడు కదా. అద్దె దుకాణం అమ్మేది రోజులు. 1991లో వచ్చిన మూడో నింజా గైడెన్ చూడండి. జపాను ప్రతిలో మళ్ళీ ఆడటానికి పరిమితి లేదు. అమెరికా ప్రతిలో అయిదు సార్లే, పైగా తగిలే ప్రతి దెబ్బా మరింత గట్టిది. 1994లో కొనామీ 'కాంట్రా: హార్డ్ కోర్' తెచ్చినప్పుడు జపాను ఆటగాడు మూడు దెబ్బలు తట్టుకునేవాడు, అమెరికాలో ఒక్క దెబ్బకే ప్రాణం పోయేది. 2005లో 'డెవిల్ మే క్రై 3'కి కూడా ఇదే జరిగింది. అక్కడ "కష్టం" అన్న స్థాయిని ఇక్కడ "మామూలు" అని పేరు మార్చి పెట్టారు. మరుసటి ఏడు ప్రత్యేక ప్రతిలో సరిదిద్దారు.

అనువాదం అంటే మాటలు మార్చడమే అనుకుంటాం. ఇక్కడ మాటలతో పాటు దెబ్బల బరువుని కూడా అనువదించారు. అమెరికాలో పెరిగిన మన పిల్లలు "జపానువాళ్ళ ఆటలు కఠినం" అంటారే, ఆ కాఠిన్యంలో కొంత జపానుది కాదు, అమెరికా అద్దె దుకాణానిది. ఒక జాతి స్వభావం అని మనం చెప్పుకునేవాటిలో ఎన్ని ఇలా దారిలో అంటుకున్నవో!

మరి మన ఊళ్ళో? తొంభైల్లో తెలుగు పట్టణాల్లోకి వచ్చినవి ఫామికామ్‌కి నకళ్ళు. ఒకే క్యాట్రిడ్జులో లక్షల ఆటలున్నాయని అట్ట మీద అంకెలు వేసి అమ్మేవాళ్ళు. లోపల చూస్తే అవే పదో ఇరవయ్యో ఆటలు తిప్పితిప్పి ఉండేవి. వీడియో గేమ్ పార్లర్లలో గంట లెక్కన డబ్బు. అంటే మన పార్లర్లు అమ్మింది నిమిషాలు. అక్కడ చావుకి ఖరీదు లేదు. ఖరీదల్లా కథకి! అంకాల మధ్య ర్యూ తండ్రి గురించి బొమ్మలు వస్తూ ఉంటే, నిమిషాలు కరిగిపోతున్నాయని స్టార్ట్ బటన్ నొక్కి దాటేసేవాళ్ళం. ఇంగ్లీషు చదివే ఓపికా లేదు. తండ్రి ఉత్తరం పట్టుకుని అమెరికా వెళ్ళిన కుర్రవాడి కథ అది అని, నేనూ అమెరికా వచ్చాక, సొంత టీవీ ముందు తీరిగ్గా కూచున్నప్పుడే తెలిసింది. ఒకే ఆట మూడు దేశాల్లో మూడు లెక్కల్లో నడిచింది. ఏ లెక్కలో ఆడామో ఆ ఆటే మనకి గుర్తుండిపోతుంది.

ఇల్లే ఆటస్థలమయ్యాక, నాణేలూ అద్దెలూ పోయాక, కష్టానికి వేరే సంజాయిషీ కావలసి వచ్చింది. 2004లో టొమొనొబు ఇతగాకి నాయకత్వంలో టీమ్ నింజా ఎక్స్‌బాక్స్ మీద నింజా గైడెన్‌ని మళ్ళీ పుట్టించింది. కత్తి తిప్పడంలో అంత స్పష్టత, అంత వేగం ఆ రోజుల్లో అరుదు. మామూలు సైనికుడు కూడా మీరు కాచుకుంటే పట్టి విసిరేస్తాడు, ఊరికే నుంచుంటే చంపేస్తాడు. ఆట గొప్పదే. కానీ 2005లో వచ్చిన 'బ్లాక్' అనే ప్రతిలో ఒక చిన్న ఏర్పాటు ఉంది. మొదట్లోనే మూడుసార్లు చస్తే తేలిక స్థాయి ఇమ్మంటావా అని అడుగుతుంది. ఒప్పుకుంటే దాని పేరు 'నింజా డాగ్'. పైగా వీరుడి చేతికి ఒక రిబ్బను. సాయం అడిగినవాణ్ణి కుక్క అనడం హాస్యం అనుకున్నారు కాబోలు. ఇతగాకి 2025 అక్టోబరులో కన్నుమూశారు. ఆయన చేసిన పోరాటాల చక్కదనాన్ని తలుచుకునేటప్పుడు ఈ వెటకారాన్ని కూడా తలుచుకోవాలి. చేతకానివాణ్ణి చూసి నవ్వించడం పృచ్ఛకుడి పని కాదు.

దీని పక్కన 2009లో హిదెకి కమియా దర్శకత్వంలో వచ్చిన 'బయొనెట్టా'ని పెట్టి చూడండి. అది కూడా కష్టమైన ఆటే. కానీ అందులో బాగా తేలిక స్థాయిల్లో దాదాపు ఒక్క చేత్తో ఆడుకునే వీలుంది. నొక్కుతూ పోతే ఆమె అందంగా పోరాడుతుంది. ఎగతాళి లేదు, రిబ్బను లేదు. పై స్థాయివాళ్ళ ఆటకి దానివల్ల వీసమెత్తు నష్టం రాలేదు. మర్యాద పెడితే కళ పలచబడుతుందన్న వాదనకి ఇదొక్కటే చాలు సమాధానం.

అయితే కొన్ని ఆటల్లో కష్టమే అర్థం. ఫుమితో ఉయెదా 2005లో చేసిన 'షాడో ఆఫ్ ద కొలోసస్' అలాంటిది. చనిపోయిన అమ్మాయిని బతికించుకోవడం కోసం వాండర్ అనే యువకుడు పదహారు మహాకాయాల్ని చంపాలి. మధ్యలో చిల్లర శత్రువులెవరూ లేరు. కొండంత జంతువు, ఒంటి మీద జూలు, ఆ జూలు పట్టుకుని పైకి పాకడం. పట్టు కోసం ఒక బటన్ని అదిమిపెట్టి ఉంచాలి. వేళ్ళు నొప్పి పుడతాయి. వదిలితే పడిపోతాం. అంత కష్టపడి, ఆఖరికి ఆ ప్రాణి కూలిపోతుంటే గెలిచిన సంతోషం కాక గుండెలో ఏదో బరువు. వాటిలో చాలావాటి మానాన అవి బతుకుతున్నాయి, మనమే వెళ్ళి కదిపాం. ప్రేమ పేరు మీద వదలకుండా పట్టుకోవడం ఎంత పాపమో ఈ ఆట ఉపన్యాసంగా చెప్పదు, మన వేళ్ళకి చెబుతుంది. సినిమా ఇది చెయ్యలేదు, ఎందుకంటే సినిమాలో మన చెయ్యి కత్తి మీద ఉండదు.

ఇక 2019లో ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ తెచ్చిన 'సెకీరో'. దర్శకుడు హిదెతాకా మియజాకి. పేరుకి అర్థం ఒంటిచేతి తోడేలు. మొదట్లోనే గెనిచిరో అనేవాడు నాయకుడి ఎడమ చెయ్యి నరికేస్తాడు. ఆ పోరాటంలో మీరు గెలిచినా సరే, చెయ్యి పోతుంది. తర్వాత కోట మీద అతనే మళ్ళీ ఎదురవుతాడు. ఈ ఆటలో తప్పించుకు తిరిగితే లాభం లేదు. వచ్చే దెబ్బకి సరిగ్గా ఆ క్షణంలో కత్తి అడ్డం పెట్టాలి. అలా అడ్డుపెట్టిన ప్రతిసారీ శత్రువు నిలకడ కొంత సడలుతుంది. ఖంగు ఖంగుమని మోగే ఆ శబ్దానికి తాళం ఉంది. కర్రసాము నేర్చుకున్నవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. మావాడు ఆ కోట మీద వారం రోజులు చచ్చాడు. "ఎన్నోసారిరా?" అనడిగితే, "లెక్కపెట్టలేదు నాన్నా, ఈసారి రెండో దశ దాకా వచ్చాను" అన్నాడు. చావుని వాడు దూరంగా కొలుచుకుంటున్నాడు. ఇది ఓటమిలో కూడా గౌరవం దొరికే కష్టం.

పైగా సెకీరోలో చావు ఊరికే పోదు. మీరు చచ్చి లేస్తూ ఉంటే, మీకు పరిచయమైన మనుషులకి దగ్గు రోగం పట్టుకుంటుంది. ఓపిక చిక్కి మూలుగుతారు. డేగని చంపిన సంగతి గుర్తుండని యంత్రం నుంచి, మీ ప్రతి చావుకీ పక్కవాడు ఎంత చెల్లిస్తున్నాడో లెక్కగట్టే యంత్రం దాకా వచ్చాం. ముప్ఫై ఏళ్ళలో ఈ కళ సాధించింది ఏమిటని ఎవరైనా అడిగితే నేను చూపించేది బొమ్మల నునుపు కాదు, ఇది.

సెకీరో మీద నా ఫిర్యాదు కూడా ఉంది. అందులో తేలిక స్థాయి లేదు. చేతి వణుకున్నవాళ్ళు, వేళ్ళు సరిగా కదలనివాళ్ళు ఆ తాళం వినగలరు, వెయ్యలేరు. అది రాగానే పెద్ద చర్చ జరిగింది. రచయిత ఉద్దేశం చెడిపోతుందని ఒక పక్షం. కానీ పైన చూశాం కదా, దెబ్బల బరువుని వ్యాపారం కోసం ఇష్టమొచ్చినట్టు మార్చినప్పుడు ఎవరి ఉద్దేశమూ అడ్డం రాలేదు. అద్దె దుకాణం కోసం మార్చగలిగినది, వణికే చెయ్యి కోసం మార్చకూడదా? 2022లో అదే సంస్థ 'ఎల్డెన్ రింగ్'లో సాయానికి ఆత్మల్ని పిలుచుకోనిచ్చింది, కుదరకపోతే వేరే దిక్కుకి వెళ్ళి బలం పెంచుకుని రమ్మంది. ఆ ఆట గౌరవమేమీ తగ్గలేదు.

పాత నింజా గైడెన్ ఇప్పుడు నింటెండో స్విచ్ ఆన్‌లైన్ సేవలో ఉంది. అక్కడ కాలాన్ని వెనక్కి తిప్పే సదుపాయం ఉంది. డేగ తగిలిందా, మూడు సెకన్లు వెనక్కి. ఇది మోసం అంటారు కొందరు. ఆరో అంకం చివర మాత్రం నేనిది వాడమనే చెబుతాను. ఆట దొరకడమే పెద్ద భాగ్యం. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం మార్కెట్లో దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. 2021లో ఆధునిక నింజా గైడెన్ మూడింటినీ సంపుటిగా తెచ్చినప్పుడు కూడా, అందరూ మెచ్చుకున్న 'బ్లాక్' ప్రతి అందులో లేదు, తర్వాతి రూపమైన 'సిగ్మా' ఉంది. తాటాకులు చెదలు తినడం మనకి తెలుసు. ఇవి అంతకంటే తొందరగా పోతున్నాయి.

2025లో ఈ వంశంలోంచి రెండు ఆటలు వచ్చాయి. స్పెయిన్‌వాళ్ళు పాత పద్ధతిలో చేసిన 'రేజ్‌బౌండ్' ఒకటి, టీమ్ నింజా, ప్లాటినమ్ గేమ్స్ కలిసి చేసిన నాలుగో నింజా గైడెన్ ఒకటి. కొనేవాళ్ళు కొంటారు. ఆడేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. ఓడిపోయిన ప్రతిసారీ మిమ్మల్ని మీరు అడగండి: ఈ ఓటమిలో నాకేమైనా దక్కిందా, లేక నా సాయంత్రం మాత్రమే పోయిందా? దక్కిన ఆటకి పది సాయంత్రాలైనా ఇవ్వండి. దక్కని ఆటని, ఎంత పేరున్నదైనా, మొహమాటం లేకుండా కట్టెయ్యండి.