చేదుకు సమభాగం

ఇటలీ దేశంలో భోజనానికి ముందు చేదు తాగుతారు. ఈ మాట మా ఆత్మకూరులో చెబితే "యాలప్పా, వాళ్ళకేం జరమొచ్చిందా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చేదనగానే మనకు కషాయం, ముక్కు మూసుకోవడం, వెనకాలే నోట్లో వేసుకునే బెల్లంముక్క గుర్తొస్తాయి. చేదును గాజుగ్లాసులో పోసి, మంచుముక్కలు వేసి, చుట్టాన్ని కూర్చోబెట్టి ఇచ్చే మర్యాద మనకు లేదు. వాళ్ళకుంది. ఆ మర్యాద పేరు నెగ్రోని.

మా తమ్ముడి కొడుకు బెంగుళూరు నుంచి వస్తూ దీన్ని ఇంట్లో ఎలా చేసుకోవాలో ఒక కాగితం మీద రాసుకొచ్చాడు. వాడికది పానీయం. నాకు మాత్రం, అలవాటు కొద్దీ, ఒక రచనలాగే కనిపించింది. ఒక్క గుటక రుచి చూశాను. విమర్శకుడికి ఆ మాత్రం తప్పదు కదా! ఇక పద్యాన్ని చూసినట్టే దీన్నీ చూద్దాం: వస్తువేమిటి, పాళ్ళెలా కుదిరాయి, ఔచిత్యం ఎక్కడ తప్పింది?

వస్తువులు మూడు. మొదటిది కంపారి. 1860లో గాస్పరే కంపారి అనే ఆయన మొదలుపెట్టిన ఎర్రటి చేదు సరుకు. అందులో ఏయే మూలికలు పడతాయో కంపెనీవారు బయటికి చెప్పరు; మన నాటువైద్యుల చిట్కాలకూ ఇదే కట్టుబాటు. ఆ ఎరుపు మాత్రం చాలాకాలం కోచినీల్ అనే పురుగుల్ని ఎండబెట్టి తీసిన రంగు. 2006లో చాలా దేశాల్లో దాన్ని మానేశారు. శాకాహారులు ఈ సంవత్సరాన్ని గుర్తుంచుకోవచ్చు. రెండోది తియ్యటి వెర్మూత్. మూలికలు నానేసిన ద్రాక్షసారా; 1786లో టూరిన్ నగరంలో కార్పానో అనే ఆయన అమ్మకానికి పెట్టి పేరు తెచ్చాడు. మూడోది జిన్ను. జునిపర్ కాయల వాసన, దానికి తోడు ధనియాల వాసన పట్టించిన సారా. ధనియాలంటే మన చారులో పడేవే.

వెర్మూత్ అన్న పేరు జర్మన్ భాషలో ఒక చేదు మొక్కది. ఆ మొక్క మన మాచిపత్రికి దాయాది. రెండూ ఆర్టెమీసియా వంశమే. వినాయక చవితినాడు 21 పత్రులతో పూజ చేస్తామే, అందులో మొట్టమొదట సమర్పించేది మాచీపత్రం. అంటే విఘ్నేశ్వరుడి సన్నిధిలో మొదటి పిలుపు ఈ ఘాటు ఆకుదే. మన మనసు మాత్రం ఉండ్రాళ్ళ మీద ఉంటుంది.

ఇక పాళ్ళు. 1919 ప్రాంతంలో ఫ్లారెన్సు నగరంలో కామిల్లో నెగ్రోని అనే ప్రభువు, తాను తాగే అమెరికానో అనే పానీయంలో సోడా మానేసి జిన్ను పొయ్యమన్నాడనీ, అదే ఆయన పేరుతో నిలిచిపోయిందనీ కథ. అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం రాసుకున్న కొలత చూడండి: మూడూ తలా 30 మిల్లీలీటర్లు. పైన ఒక నారింజ చెక్క. అన్నదమ్ములు పొలం పంచుకున్నప్పుడు కూడా ఇంత న్యాయం జరగదు. తీపి వచ్చి చేదును మింగెయ్యదు. చేదూ తీపిని తరిమెయ్యదు. ముందు తీపి పలకరిస్తుంది, వెనక వాసన వస్తుంది, ఆఖరున చేదు వచ్చి నాలుక మీద కూర్చుని "ఇంక వడ్డించండి" అంటుంది. శిల్పం అంటే ఇదే.

ఇప్పుడు ఇదే కొలబద్ద పట్టుకుని మన ఉగాది పచ్చడి దగ్గరికి రండి. ఆరు రుచుల కావ్యమది. లెక్క ప్రకారం చేదుది ఆరోవంతు. మన ఇళ్ళల్లో ఇప్పుడు జరుగుతున్నదేమిటి? గిన్నెడు బెల్లం, అరటిపళ్ళు, పుట్నాలపప్పు, ద్రాక్ష, జీడిపప్పు, ఆపైన శాస్త్రానికి నాలుగు వేపపువ్వు రేకులు. ఆ నాలుగూ పిల్లవాడి నాలుక్కి తగలకుండా తల్లే వేలితో ఏరేస్తుంది. దాన్ని పచ్చడి అనడం దేనికి? పాయసానికి చెల్లెలు అంటే సరిపోతుంది. ఏడాదికొక్క రోజు చేదు తినమన్నారు పెద్దలు. ఆ ఒక్కరోజూ మనం దొంగలెక్క రాశాం.

పోయింది రుచి ఒక్కటే అయితే ఇంత రాయను. చేదు వస్తుంది, వచ్చినప్పుడు మొహం తిప్పుకోకుండా మింగాలి, తర్వాత తీపీ వస్తుంది అని పసివాడికి మాటల్లేకుండా చెప్పే పాఠం అది. వానకోసం ఆకాశం చూసే సీమలో పుట్టిన బిడ్డకు ఆ పాఠం మరీ అవసరం. వాడికి మనం బెల్లం పెట్టి పంపిస్తున్నాం.

పోనీ వేపంటే మనకు గౌరవం లేదా? ఎందుకు లేదు! మాకు దగ్గర్లోనే సంగమేశ్వరం ఉంది. అక్కడి లింగం రాయి కాదు, వేపమాను. భీముడు లింగం తేవడం ఆలస్యమైతే ధర్మరాజు వేపమొద్దునే ప్రతిష్ఠించాడని స్థలపురాణం. శ్రీశైలం జలాశయం నిండితే గుడి మునుగుతుంది, ఎండాకాలం నీళ్ళు దిగితే బయటపడుతుంది. నెలల తరబడి నీళ్ళల్లో ఉన్నా ఆ మాను నిలిచే ఉంది. మనం వెళ్ళి దండం పెట్టుకుని, ఇంటికొచ్చి వేపపువ్వు ఏరి పారేస్తాం.

ఇక నెగ్రోనిలో దోషం చెప్పాలి. అది సారా. మా ఊరి పేరు చెబితే చాలామంది "నెల్లూరు ఆత్మకూరా?" అంటారు. ఆ నెల్లూరు జిల్లాలోనే 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. 1995లో రాష్ట్రమంతా మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. మందు ఆకలి పుట్టిస్తుందా అని ఆ ఇల్లాళ్ళను అడిగితే, ఆకలి మిగిల్చిందని చెబుతారు. ఫ్లారెన్సులో ఔచిత్యమైనది మన వాకిట్లో అనౌచిత్యం కావచ్చు.

అయితే విమర్శకుల పరీక్ష ఒకటుంది. రచనలోంచి దేన్ని తీసేస్తే అది కూలిపోతుందో అదే దాని ప్రాణం. జిన్ను తీసి సోడా పోస్తే వెనకటి అమెరికానో అవుతుంది. అదీ బతికి బట్టకట్టిన పానీయమే. చేదు తీసేస్తే మాత్రం రెండూ లేవు. కనుక ప్రాణం చేదులో ఉంది, మత్తులో లేదు.

ఆ ధైర్యంతో మా ఇంట్లో సారా లేని పాఠాంతరం ఒకటి తయారుచేశాను. ఎండిన వేపపువ్వు ఒక చెంచాడు, నారింజతొక్క రెండు ముక్కలు, నలగ్గొట్టిన ధనియాలు అరచెంచా, గ్లాసెడు మరిగిన నీళ్ళలో వేసి పావుగంట మూతపెట్టి వడకట్టాలి. ఇది కంపారి స్థానం. నల్లమలలో చెంచులు తవ్వి తెచ్చే నన్నారి వేళ్ళతో కాచిన పానకం వెర్మూత్ స్థానం. రెండూ చల్లారాక తలా 30 మిల్లీలీటర్లు మంచు మీద పోసి, పైన సోడా కొట్టాలి. దీన్ని నెగ్రోని అంటే ఫ్లారెన్సువాళ్ళు నవ్వుతారు. ఆత్మకూరు అమెరికానో అందాం.

చుట్టాలకు ఇచ్చేటప్పుడు మాత్రం చక్కెర డబ్బా దగ్గర్లో ఉంచకండి. వచ్చే ఉగాదికి వేపపువ్వు కూడా కొలిచి వెయ్యండి, ఏరకుండా.