మైనం మీద నిలిచిన పన్నెండు మెట్లు

2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాటలో కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య గొంతు విన్నాక, 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చాక కిన్నెర పేరు ఊరూరా తెలిసింది. ఆయనది నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట. పేరు తెలిసినంతగా ఆ వాద్యం వెనకున్న పనితనం తెలియలేదు. నా బాధంతా అదే.

పొడవాటి వెదురు బొంగు, దాని కింద ఎండబెట్టి గుల్ల చేసిన చిన్నా పెద్దా సొరబుర్రలు. పైన పన్నెండు మెట్లు. పూర్వం ఈ మెట్లకు అలుగు (పాంగోలిన్) పెంకులు వాడి తేనెమైనంతో అతికించేవారు. నరాలు, వెంట్రుకలు పేనిన తంతుల స్థానంలో ఇప్పుడు లోహపు తీగలు వచ్చాయి. నెమలి ఈకలు, అద్దాలు అలంకారం. నన్ను ఆకట్టుకునేది మాత్రం ఆ మైనమే. వేడి తగిలితే మెత్తబడుతుంది కనుక మెట్టును వెంట్రుకవాసి జరిపి, వాయించేవాడు తన గొంతుకు తగ్గ శ్రుతి పెట్టుకోవచ్చు. మన వీణ మెట్లూ మైనం మీదే నిలుస్తాయి. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరంలో కిన్నరిని వర్ణించాడు. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో కిన్నర బ్రహ్మయ్య కథ ఉంది. ఇంత పాత విద్య పాలమూరులో డక్కలివాళ్ల చేతుల్లో బతికింది. నల్లమల చెంచులకూ కిన్నెర ఉంది.

డక్కలివాళ్లు మాదిగలను ఆశ్రయించి వాళ్ల కులపురాణం చెప్పేవాళ్లు. ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టిన పండుగ సాయన్న కథా కిన్నెర మీదే పలికింది. గాయకుడు చరణం ఎత్తుకుంటాడు, ఊపిరి తీసుకునే సందులో కిన్నెర ఆ వరసను అందుకుంటుంది. కథ సాగదీయాలో తెంపాలో ఎదుట కూర్చున్నవాళ్ల మొహాలు చెబుతాయి. దీనికి స్వరలిపి లేదు.

జపాన్‌లో బీవా కూడా యుద్ధగాథలు చెప్పేవాళ్ల వాద్యమే. 1967లో స్వరకర్త తోరు తకెమిత్సు ‘నవంబర్ స్టెప్స్’ అనే రచనలో దాన్ని పాశ్చాత్య వాద్యబృందం పక్కన నిలబెట్టాడు. ఆ బీవాను కిన్షి త్సురుతా వాయించింది. అంతకుముందే, 1950 చట్టంతో మొదలుపెట్టి ఆ దేశం పాత కళల విద్యను, అది చేతిలో ఉన్న మనుషులను కాపాడే దారి వేసుకుంది. తకెమిత్సు లాంటి స్వరకర్త రచన కాగితం మీద ఉంటుంది, దాన్ని భద్రపరిచే సంస్థ ఉంటే చాలు. కిన్నెర పాట మాత్రం మనిషిలో ఉంటుంది.

ఆచార్య జయధీర్ తిరుమలరావు, ఆచార్య గూడూరు మనోజ ‘ఆద్యకళ’ పేరుతో జానపద, గిరిజన వాద్యాలను సేకరించి ప్రదర్శించారు. గొప్ప పని. అద్దాల పెట్టెలో వాద్యం పదిలంగా ఉంటుంది, మెట్టు జరపడం మాత్రం అక్కడ నేర్చుకోలేం. పైగా అలుగును వన్యప్రాణి చట్టం కాపాడుతోంది, కాపాడాలి కూడా. ఆ పెంకుకు బదులు ఏ కొమ్ము, ఏ లోహం అదే నాదం ఇస్తుందో తేల్చాల్సింది వాయించేవాళ్లే.

అందుకే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కళాశాలల్లో డక్కలి కళాకారులను జీతమిచ్చి గురువులుగా పెట్టాలి. ముందు డక్కలి పిల్లలకే భృతి ఇచ్చి నేర్పించాలి. మొదటి ఏడాది పాట జోలికి పోకుండా బుర్ర ఎంచడం, బొంగు కోయడం, మైనం కాచడం నేర్పితే చాలు.