లక్కపిడత దాకా ఒక రోజు

పిల్లలు ఆడుకునే ఉత్తుత్తి వంటసామానుకి మన ఇళ్లలో పేరు లక్కపిడతలు. ప్లాస్టిక్‌వి కొన్నా, రేకువి కొన్నా లక్కపిడతలే. ఆ మాటలో లక్క ఎందుకుందో నేను చాలా ఏళ్లు పట్టించుకోలేదు. విశాఖపట్నం నుంచి తుని వైపు వెళ్లే బస్సులో ఒకసారి పక్క సీటు పెద్దావిడ, కిటికీలోంచి నక్కపల్లి బోర్డు కనిపించగానే, "నక్కపల్లి లక్కపిడతలు" అని తనలో తనే నవ్వుకుంది. అప్పుడు వెలిగింది. నక్కపల్లికి కాస్త దూరంలోనే, వరాహ నది ఒడ్డున, ఆ మాటకి పుట్టిల్లు లాంటి ఊరు ఇంకొకటుంది. అదే ఏటికొప్పాక.

విశాఖ నుంచి గైడుని పెట్టుకుని చేసే ఒకరోజు యాత్రల్లో ఏటికొప్పాక చాలాసార్లు చివర ఉంటుంది. పొద్దున్నే ఎర్రమట్టి దిబ్బలు, ఎండెక్కేసరికి అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ, భోజనాలయ్యాక ఏటికొప్పాక. మూడూ చూడదగ్గవే. చిక్కల్లా వాటికి పంచే సమయంలోనే. దిబ్బల్లో రెండున్నర గంటలు ఫొటోలు దిగి, కొండ మీద గంటన్నర తిరిగి, ఏటికొప్పాకకి వచ్చేసరికి అరగంట మిగుల్తుంది. ఆ అరగంటా కొట్లో బేరాలకే సరిపోతుంది. మా గైడు కుర్రాడితో ముందే మాట తీసుకున్నాను: ఎక్కడ తొందరపెట్టినా సరే, బొమ్మల కర్ర తిప్పే లేత్ యంత్రం దగ్గర తొందరపెట్టకూడదని. "అక్కడేటుంటాది సార్, కర్ర తిరుగుతాది" అన్నాడు. నేను చూడాలనుకున్నదీ అదే.

దిబ్బలు విశాఖకి ఒక వైపు, మిగతా రెండూ రెండో వైపు. అందుకని చీకటితోనే బయల్దేరాలి. భీమిలి రోడ్డులో 20 కిలోమీటర్లు వెళ్తే సముద్రం పక్కన నేల ఒక్కసారిగా ఎర్రగా చీలిపోయి కనిపిస్తుంది. వేల ఏళ్ల కిందట, చివరి మంచుయుగం ముదిరిన కాలంలో, సముద్రం ఇప్పటికంటే 100 మీటర్లకు పైగా కిందికి దిగిపోయింది. అప్పుడు బయటపడ్డ ఇసుకని గాలి ఎత్తి తెచ్చి ఇక్కడ పోసింది. తూర్పు కనుమల రాళ్ల నుంచి వచ్చిన ఇనుపఖనిజాలు అందులో కలిసి, వానకీ గాలికీ తుప్పు పట్టి, ప్రతి రేణువుకీ ఒక పొర కట్టాయి. అంటే ఇసుక ఎర్రనిది కాదు, దాని మీది పూత ఎర్రన. ఆ పూతే రేణువుల్ని అంటిపెట్టుకుని కొంతవరకు నిలబెట్టింది. తర్వాత వాననీళ్లు కోసుకుంటూ పోయి వాగులూ గోడలూ శిఖరాలూ తయారుచేశాయి. 2014లో వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. ఇలాంటివి దక్షిణాసియాలో తమిళనాడు తీరంలోనూ శ్రీలంకలోనూ తప్ప పెద్దగా లేవు. గోడల మీద చెయ్యి ఆనిస్తే రాలిపోతాయి. పేర్లు చెక్కడానికి కూడా రాలిపోతూనే ఒప్పుకుంటాయి పాపం. ఇక్కణ్నుంచి పిడికెడు మట్టి కూడా తెచ్చుకోకూడదు.

అనకాపల్లి బెల్లం వాసన దాటి శంకరం చేరాం. శంకరం అంటే శివుడి పేరనుకుంటారు. నిజానికి అది సంఘారామం, బౌద్ధ భిక్షువుల విడిది. తూర్పున బొజ్జన్నకొండ, పడమర లింగాలకొండ. బుద్ధుడు బొజ్జన్న అయ్యాడు, స్తూపాలు లింగాలయ్యాయి. భిక్షువులు వెళ్లిపోయిన తర్వాత ఊరు ఆ రాళ్లకి తనకి తెలిసిన పేర్లు పెట్టుకుంది. కనుమ నాడు ఇక్కడ తీర్థం జరుగుతుంది. బొజ్జ లాంటి ఆకారం ఏదో రాక్షసుడిదని నమ్మి ఆ రోజు రాళ్లు విసిరే ఆచారం కూడా ఒకప్పుడుండేది, తర్వాత మాన్పించారు. పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రీ 1907 ప్రాంతంలో ఇక్కడ తవ్వించినప్పుడు సముద్రగుప్తుడి బంగారు నాణెం బయటపడింది. క్రీస్తుశకం నాలుగు నుంచి తొమ్మిదో శతాబ్దం దాకా ఇక్కడ బౌద్ధం సాగిందని చరిత్రకారుల మాట.

చరిత్రకంటే నన్ను ఆపింది ఆ గుండ్రదనం. పెద్ద గుహలో 16 చదరపు స్తంభాల మధ్య ఒక స్తూపం ఉంది. తెచ్చి నిలబెట్టింది కాదు, కొండలోంచి చుట్టూ ఉన్న రాయి తీసేస్తే మిగిలింది. లింగాలకొండ మీదైతే అలాంటివి వరసలు వరసలుగా, చిన్నవీ పెద్దవీ, కొండ తోలులోంచి పొటమరించినట్టుంటాయి. కొండని తిప్పలేం కాబట్టి శిల్పే దాని చుట్టూ తిరిగాడు. అటు పక్క నాలుగు దెబ్బలు, ఇటు పక్క నాలుగు దెబ్బలు, మధ్యలో దూరం జరిగి ఒక కన్ను మూసి చూపు. దగ్గరికెళ్తే ఆ తిరుగుడులో పడ్డ చిన్న వంకరలు కనిపిస్తాయి. ఏటికొప్పాకలో ఇదే గుండ్రదనం ఇంకోలా పుడుతుంది. అక్కడ మనిషి ఒకచోట కూర్చుంటాడు, తిరిగేది కర్ర.

జాతీయ రహదారి మీద అడ్డరోడ్డు దగ్గర నర్సీపట్నం వైపు మళ్లితే ఏటికొప్పాక. ఊళ్లోకి అడుగుపెట్టగానే మోటార్ల రొద వినిపిస్తుంది. ఒకప్పుడు తాడు చుట్టి ఒకరు లాగుతుంటే ఇంకొకరు ఉలి పట్టేవారు. ఇప్పుడు దాదాపు అందరివీ కరెంటు లేత్‌లే. మేం కూర్చున్న పనిగదిలో ఉలి పట్టింది ఒక నడివయసు ఆవిడ. నేలంతా మెలికలు తిరిగిన పొట్టు, ఆవిడ వేళ్ల చివర్లు పసుపుపచ్చగా ఉన్నాయి.

కర్ర పేరు అంకుడు. చుట్టుపక్కల అడవుల్లోనూ కొండవాలుల్లోనూ పెరిగే చిన్న చెట్టు. చెక్క తెల్లగా, మెత్తగా, ఒక్కతీరు పోగుతో ఉంటుంది. ఉలి తగిలితే పెచ్చులూడదు, లక్క కింద మరక కనిపించదు. ఈ చెట్టు ఆకుల్లోంచి నీలిరంగు తీయొచ్చు. శాస్త్రీయ నామంలోనే రంగునిచ్చేది అనే అర్థముంది. బొమ్మకి ఒంటినిచ్చే చెట్టే రంగు కూడా ఇవ్వగలదన్నమాట.

కొట్టిన కర్రని వెంటనే లేత్‌కి ఎక్కించరు, నీడలో ఆరబెడతారు. ఇక్కడ తొందరపడితే ఏమవుతుందో ఆవిడ ఒక పాత భరిణె చూపించి చెప్పింది. పచ్చికర్రలో చేసినది అది. ఇప్పుడు కోడిగుడ్డులా కోలగా మారింది, మూత రెండు చోట్ల పట్టేసి రెండు చోట్ల వదులైంది. ఆరేటప్పుడు కర్ర అన్ని వైపులా సమానంగా కుంచించుకోదు, పెరుగుదల వలయాల వెంట ఎక్కువ, అడ్డంగా తక్కువ. అందుకే గుండ్రం కాస్తా గుడ్డవుతుంది. బాగా ఆరినది కూడా వానాకాలంలో కొంచెం ఉబ్బుతుంది. "మూత రాకపోతే కొట్టకండి బాబూ, ఎండలు రానీండి, అదే వస్తాది" అంది.

ముక్కని లేత్‌లో బిగించి మీట నొక్కగానే దాని అంచులు మాయమై బూడిదరంగు నీడ ఒకటి గాలిలో తిరిగింది. ఆ నీడలోకి ఉలి ఆనించగానే పొట్టు రిబ్బనులా లేచింది. మెడ, భుజం, పొట్ట, పాదం, నిమిషంలో ఒక కుండ. కొలతబద్ద లేదు. కన్నూ వేలూ చాలు. మూత చేసేటప్పుడు మాత్రం రెండుసార్లు ఆపి, కుండ మీద పెట్టి చూసింది. మూత తిప్పినప్పుడు చిన్నగా ఊపిరి పీల్చినట్టు శబ్దం రావాలట.

అప్పుడు లక్క. లక్కపురుగు చాలా చిన్నది. మోదుగ, రేగు, కుసుం చెట్ల కొమ్మల రసం పీల్చి తన చుట్టూ జిగురు గూడు కట్టుకుంటుంది. ఆ గూళ్లు గీకి, కడిగి, కరిగించినదే లక్క. పూర్వం పాదాలకి పెట్టుకున్న లత్తుక ఎరుపు కూడా దాన్నుంచి వచ్చిందే. పాండవుల్ని దహించాలని కట్టిన ఇంటికి ఈ పదార్థమే ఎందుకు ఎంచారో ఇక్కడ అర్థమవుతుంది. వేడికి ఇట్టే లొంగే గుణం దానిది, 70 డిగ్రీలకే మెత్తబడుతుంది. దుర్యోధనుడికి అక్కరకొచ్చిన ఆ గుణమే ఈ పనికీ ఆధారం. నిప్పుల మీద లక్కని వేడిచేసి, రంగు పొడి చల్లి, తీర్థాల్లో జీళ్లు చేసేవాళ్లు పాకాన్ని లాగినట్టు లాగుతారు, మడుస్తారు, మళ్లీ లాగుతారు. రంగు అంతటా ఒక్కలా పట్టేదాకా అదే పని. చివరికి కడ్డీలు చేస్తారు.

ఆ కడ్డీని తిరుగుతున్న కర్రకి ఆనిస్తే చాలు. కుంచె లేదు, డబ్బా లేదు, పలచన చేసే నూనె లేదు. రాపిడికి పుట్టే వేడే లక్కని కరిగిస్తుంది, కర్ర దాన్ని తాగుతుంది, పొయ్యి లేని వంటలాగా. గట్టిగా నొక్కితే వేడి ఎక్కువై లక్క మాడుతుంది, మెల్లగా పెడితే మరకలుగా అంటుతుంది. ఎరుపు పక్కన పసుపు గీత కావాలంటే పసుపు కడ్డీ కొసని ఒక్క క్షణం తాకించాలి. ఆవిడ మణికట్టు ఆ క్షణాన్ని లెక్కపెట్టింది తప్ప కన్ను కాదనిపించింది నాకు. ఆఖర్న మొగలి ఆకు. ముళ్లంచు తీసిన ఆకుని తిరుగుతున్న బొమ్మ మీద నొక్కితే లక్క పరుచుకుని అద్దంలా మెరుస్తుంది. అప్పటిదాకా మసకగా, మొద్దుగా ఉన్న కుండ అప్పుడు కళ్లు తెరిచింది.

కొండపల్లి, నిర్మల్ బొమ్మలకీ వీటికీ తేడా ఇక్కడే ఉంది. అవి చెక్కి, అతికి, కుంచెతో రంగు వేసేవి, అందుకే మనిషి ముఖంలో నవ్వూ కోపమూ పలుకుతాయి. ఏటికొప్పాక బొమ్మ లేత్ ఇచ్చినంతే. గుండ్రం, గొట్టం, శంకువు. ఎద్దుకాళ్లు గొట్టాలు, పెళ్లివాయిద్యాల వాళ్ల తలలు గోళీలు. ముక్కలు విడివిడిగా చేసి కలుపుతారు. కొందరు దీన్ని పేదరికం అనుకుంటారు. ఎద్దుని నాలుగు గొట్టాల్లోకి కుదించి, అయినా ఎద్దే అనిపించడం తేలికైన పనని నేననుకోను.

రంగుల సంగతికి వస్తే ఈ ఊరు ఒకసారి దారి తప్పి మళ్లీ వెనక్కి వచ్చింది. చవగ్గా, ధగధగా మెరిసే రసాయన రంగులు వచ్చాక మొక్కల రంగులు మూలపడ్డాయి. పిల్లల బొమ్మల్లో సీసం వంటి లోహాల మీద విదేశాల్లో నిబంధనలు బిగిశాక ఆ ధగధగే అడ్డమైంది. అప్పుడు ఈ ఊరి సి.వి.రాజు వంటివాళ్లు మళ్లీ పసుపు, నీలి, జాఫ్రా గింజలు, మంజిష్ఠ, కరక్కాయల్ని పట్టుకున్నారు. పాత రంగుల్ని తిరిగి తెచ్చుకోవడం పాత కాగితం చదివినంత సులువేం కాదు. నీళ్లలో దిగే రంగు లక్కలో దిగదు, నిప్పుల మీద కొన్ని నల్లబడతాయి, పసుపైతే ఎండలో వెలిసిపోతుంది. ఏది ఎంత వేడికి ఆగుతుందో ఒక్కొక్కటే కనిపెట్టాలి. నీలిలో పసుపు కలిపితే ఆకుపచ్చ. జాఫ్రాతో నారింజ. ఈ రంగులు అరవవు. దుకాణంలో రసాయన బొమ్మ పక్కన పెడితే ఓడిపోతాయి, ఇంట్లో పదేళ్లు చూడాల్సి వస్తే గెలుస్తాయి. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రాజుకి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగినవీ ఈ బొమ్మలే.

శకటం వెళ్లిపోయాక మిగిలే చిక్కు అంకుడుది. చెట్టు అడవిలోది, నరికినంత వేగంగా పెరగదు, వంట చెరుకుకీ పోతుంది. పొలం గట్ల మీద నాటితే మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది కూడా. అయినా ఊరి చుట్టూ తిరిగి చూస్తే సరుగుడు తోటలు కనిపించినంతగా అంకుడు కనిపించలేదు. బొమ్మకి బహుమతులిచ్చేవాళ్లు మొక్కకి గొయ్యి కూడా తవ్వితే బాగుణ్ను.

ఇక కొనడం. లక్క పూసినది గోటితో గీస్తే పెచ్చులుగా రాదు. మసకగా ఉండి కంటికి మెత్తగా ఉన్న రంగులు మొక్కలవి అయ్యే అవకాశం ఎక్కువ, మరీ ధగధగలాడే గులాబీరంగు చూస్తే అడగండి, చెప్తారు. భరిణె కొంటే మూత నాలుగుసార్లు తిప్పి చూడండి, బొంగరం కొంటే అక్కడే తిప్పించండి. బేరం గురించి నాకో అభిప్రాయం ఉంది. పనిగదిలో గంట కూర్చున్నవాడు బేరమాడలేడు, కూర్చోనివాడే ఆడతాడు. మా గైడు కుర్రాడు కూడా చివర్లో తన చెల్లెలి కూతురికని ఒక బొంగరం కొన్నాడు, అడిగినంతా ఇచ్చి. కారెక్కాక చెప్పాడు, ఇన్నేళ్లలో తను కొన్న మొదటి బొమ్మ ఇదేనట.

నేను తెచ్చిన లక్కపిడతల్ని మా అన్నయ్య మనవరాలికిచ్చాను. ఏడాదిన్నర పిల్ల, ఏదైనా ముందు నోట్లోకే. కుండ నోట్లో పెట్టుకోగానే వాళ్లమ్మ అలవాటుగా చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుంది. "పసుపే కదా" అంది. నాకోసం ఉంచుకున్న కుంకుమ భరిణె మాత్రం ఆషాఢం మొదటి వానలకి బిగుసుకుపోయింది. ఇంట్లో అందరూ ఓ చెయ్యి వేశారు, రాలేదు. కొట్టొద్దని చెప్పి, తీసి గూట్లో పెట్టాను.