భద్రపరచినది ఎవరి సాహిత్యం?

పాత పుస్తకాలన్నీ కంప్యూటరులోకి ఎక్కాయి గనుక ఇక మన సాహిత్యానికి చావులేదనే మాట సభల్లో తరచు వింటున్నాను. ఇందులో నిజం కొంత. భ్రమ అంతకంటె ఎక్కువ.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంకింద వేలాది తెలుగు గ్రంథాలు స్కాను అయ్యాయి. పల్లెటూరి విద్యార్థికి సైతం నూరేళ్లనాటి పుస్తకం అందింది. ఈ మేలును కాదనలేము. కాని 2017 ప్రాంతంలో ఆ సైటు మూతబడింది. అన్ని భాషలవీ కలిపి నాలుగు లక్షలకు పైబడిన పుస్తకాలకు కార్ల్ మాలముద్ అనే అమెరికను ఇంటర్నెట్ ఆర్కైవులో నకళ్లు ఉంచబట్టి అవి దక్కాయి. బ్రౌను జీతాలిచ్చి ప్రతులు రాయించిన నాటి సూత్రమే నేటికీ సూత్రం: ఒక్క ప్రతి ఉన్నదంటే లేనట్టే.

ఉండటం వేరు, దొరకటం వేరు. ఇంగ్లీషు లిపిలో తప్పులతడకగా ఎక్కిన పేర్లవల్ల ఎన్నో పుస్తకాలు ఉండీ లేనట్టే అయ్యాయి.

అసలు ప్రశ్న వేరే ఉంది. ఏవి ఎక్కాయి? గ్రంథాలయ బీరువా చేరినవి ఎక్కాయి. బుర్రకథల చిన్న పుస్తకాలు, ప్రజానాట్యమండలి పాటల కరపత్రాలు బీరువా చేరినదే అరుదు. ఈ తప్పులో నాకూ పాలుంది. 1940ల సాహిత్యంపై నా పాఠం ముగిశాక ఒక విద్యార్థి తన తాతగారి పెట్టెలోని అట్టలేని బుర్రకథ పుస్తకం తెచ్చి చూపాడు. నేను చెప్పినది ఆ దశాబ్దపు చరిత్ర కాదనీ, తెరమీద దొరికిన పుస్తకాల జాబితా అనీ అప్పుడు తెలిసింది. దొరకనిది లేదనుకోవటం విమర్శ కాదు.

డబ్బేదీ అని అడుగుతారు. 1935లో పాతూరి నాగభూషణంగారు కాలువల్లో పడవమీద పుస్తకాలు పంపినది ధనబలంతో కాదు. నేడు ప్రతి విద్యార్థి చేతిలో ఫోను కెమెరా ఉంది. చట్టం అడ్డమంటారు. శ్రీశ్రీ రచనలపై హక్కు 2043 చివరివరకు ఉన్నమాట నిజమే. అయితే తన వద్ద అచ్చుప్రతి ఉన్న పుస్తకాన్ని, లాభాపేక్షలేని ప్రజాగ్రంథాలయం భద్రత కోసం డిజిటల్ ప్రతిగా దాచుకోవచ్చునని 2012 సవరణ అనుమతిస్తున్నది. దాచటం వేరు, పంచటం వేరు. పంచటానికి వారసుల అనుమతి అడుగుదాం.

పెట్టెలు తెరిపించాలి. పేరు, ఊరు, సంవత్సరం తెలుగులో రాయాలి. ప్రతులు మూడుచోట్ల ఉంచాలి. అందులో ఒకటి ఆ పుస్తకం దొరికిన ఊళ్లోనే ఉండాలి. ఈ పని మా తరగతితో మొదలుపెట్టాను. మిగిలిన కళాశాలల మిత్రులు అందుకోవాలి.