సెలవు రోజున బడి ప్రణాళిక ఎవరిది?

ప్రతి బడికీ విపత్తు నిర్వహణ ప్రణాళిక ఉండాలని చెప్పే ప్రభుత్వ పుస్తకాలను మేము రచనలుగానే చదివాం. రచన అన్నాక అందులో ఎవరు కనిపిస్తున్నారు, ఎవరు కనిపించడం లేదు అని అడగాలి. చిట్టమూరు మండలంలోని మా యానాది పిల్లల వైపు నిలబడి ఆ ప్రశ్న అడుగుతున్నాం.

ముందు మంచిని ఒప్పుకోవాలి. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక బడికి నిప్పంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ ఘోరం తర్వాత వేసిన వ్యాజ్యంలో 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. భద్రమైన బడి కూడా చదువుకునే హక్కులో భాగమేనంది. 2016లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ పాఠశాల భద్రత మీద మార్గదర్శకాలు తెచ్చింది. భవనం గట్టిదనం, గదిలో సామాను మీద పడకుండా చూడడం, బడి కమిటీ, మాక్ డ్రిల్ వంటివన్నీ అందులో ఉన్నాయి. అసలేమీ లేని కాలం కన్నా ఇది మేలే.

మా పేచీ వేరే చోట ఉంది. ఆ రచన ఊహించుకున్న పిల్లవాడు తరగతి గదిలో కూర్చుని ఉన్నాడు. గంట కొడితే వరుసగా మైదానంలోకి వస్తాడు. నిప్పుకీ భూకంపానికీ ఆ ఊహ సరిపోతుంది. మన తీరానికి వచ్చే ఆపద అలా రాదు. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చింది ఆదివారం పొద్దున. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు బడులకు సెలవు ఇచ్చారు. తుఫాను అనగానే మొదట చేసే పని అదే. సెలవు ఇవ్వడం సరైనదే. అయితే సెలవు ఇచ్చిన గంటకే ప్రణాళిక పని అయిపోతుంది. మన పిల్లల ఆపద అప్పుడే మొదలవుతుంది.

ఎందుకంటే మన కాలనీలు చాలా వరకు పల్లంలో ఉంటాయి, చెరువు కట్ట కిందో కాలువ గట్టు మీదో. ఒక పక్క స్వర్ణముఖి, మరో పక్క పులికాట్. రొయ్యల గుంటల కాపలాకు పోయిన అమ్మానాన్నలతో పిల్లలూ పోతారు. హాజరు పట్టీలో నాలుగో తరగతిలో ఉన్న పాప, వాన రాత్రి గుంట గట్టు మీది గుడిసెలో పడుకుని ఉంటుంది. ఆ సంగతి ఏ ప్రణాళికలోనూ రాసి ఉండదు. పైగా "యానాదులకు నీళ్లు అలవాటే" అనే మాట ఒకటి. నీళ్లు తెలిసినంత మాత్రాన నీళ్లు మనల్ని వదలవు.

ప్రణాళికలో ఒక్క మాట తేలిపోతే ఏమవుతుందో జపాన్ చూసింది. 2011 మార్చి 11 సునామీలో ఇషినోమాకి పట్టణంలోని ఓకావా ప్రాథమిక పాఠశాలలో 74 మంది పిల్లలు, 10 మంది టీచర్లు పోయారు. బడి వెనకే కొండ ఉంది. కానీ ప్రణాళికలో ఎక్కడికి పోవాలో స్పష్టంగా లేదు, దగ్గరలోని ఖాళీ స్థలం లేదా పార్కు అని మాత్రమే ఉంది. భూకంపం తర్వాత దాదాపు 50 నిమిషాలు బడి ఆవరణలోనే ఉండిపోయారు. ఆ ప్రణాళికను ముందే సరిదిద్దకపోవడం తప్పని 2018లో అక్కడి హైకోర్టు తేల్చింది.

మేము చూసిన ఒక బడి ప్రణాళికలో "సురక్షిత ప్రదేశం" అన్న చోట "ఎత్తైన ప్రదేశం" అని రాసి ఉంది. ఏ ఎత్తు? ఎవరి చేను దాటి పోవాలి? రాత్రి దారిలో నీళ్లు ఎక్కడ ముందు ఎక్కుతాయి? ఫోన్ నంబర్లు చాలానే ఉన్నాయి, కాలనీ మనిషి నంబరు ఒక్కటీ లేదు. అదే బడి తుఫాను రోజున పునరావాస కేంద్రం కూడా. తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో, ఏ గదిలో ఎవరు ఉండాలో లేదు. ముందే రాసి పెట్టకపోతే ఆలస్యంగా వచ్చినవాళ్లకు వరండానే మిగులుతుంది. ఆలస్యంగా వచ్చేది ఎవరో మనకు తెలుసు.

నీళ్లు తీశాక ఇంకో ఆపద ఉంటుంది. పుస్తకాలు, ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం తడిసి పోతాయి. మళ్లీ తెచ్చుకోవడానికి తిరిగి తిరిగి, బడికి పోవడమే మానేసిన పిల్లలు మన మధ్యే ఉన్నారు. దీన్ని విపత్తు అని ఎవరూ రాయలేదు.

టీచర్లను మేము కోరేది కొంచెమే. వానలు ముదరక ముందు, సెప్టెంబర్‌లోనే, ప్రతి పిల్ల రాత్రి ఎక్కడ పడుకుంటుందో హాజరు పట్టీ పక్కన రాయండి. పత్రాల నకళ్లు బీరువా పై అరలో పెట్టండి. ఒక డ్రిల్ బడి నుంచి మైదానానికి కాకుండా కాలనీ నుంచి బడికి చేయించండి. ఏ గండి ముందు తెగుతుందో మన పెద్దవాళ్లను అడిగి ఆ దారి గీయించండి.

చదువుకున్న మన పిల్లలకు ఒక మాట. ఆ కాగితం రాసే రోజున పిలుపు కోసం చూడకుండా వెళ్లి కూర్చోండి. మన కాలనీ పేరు, మన మనిషి ఫోన్ నంబరు అందులో రాయించాకే లేవండి.