అడగని బాధితులు

ఫెరెంత్స్ తొరొక్ దర్శకత్వంలో 2017లో వచ్చిన హంగేరియన్ చిత్రం ‘1945’ను రెండుసార్లు చూశాను. మొదటిసారి కదిలిపోయాను. రెండోసారి, అంత సులువుగా ఎందుకు కదిలిపోయానని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను.

గాబోర్ సాంతో కథ దీనికి ఆధారం. 1945 ఆగస్టులో ఒక పల్లె స్టేషనులో ఇద్దరు యూదులు పెట్టెలతో రైలు దిగుతారు. పెట్టెలు బండి మీద, వాళ్లు వెనకే కాలినడకన. ఊరు వణికిపోతుంది. ఆ రోజు ఊరి అధికారి కొడుకు పెళ్లి. ఈ అధికారి మన కరణం వంటివాడు. కొడుకు నడిపే మందుల దుకాణం, ఊరినుంచి తరిమేసిన యూదు కుటుంబానిది.

ఈ భయానికి చారిత్రక పునాది ఉంది. 1944 ఏప్రిల్‌లో హంగేరీ ప్రభుత్వం యూదుల ఆస్తులను నమోదు చేయించి స్తంభింపజేసింది. మే 15 నుంచి జూలై 9 లోపల సుమారు 4,37,000 మందిని రైళ్లకెక్కించారు. అత్యధికులను చేర్చింది ఆష్విట్జ్‌కే. వాళ్ల ఇళ్లూ దుకాణాలూ చాలాచోట్ల ఇరుగుపొరుగుల పాలయ్యాయి. ఆస్తులు తిరిగి ఇవ్వాలని 1947 పారిస్ శాంతి ఒప్పందం 27వ అధికరణం శాసించింది. అయితే కాగితం మీది హక్కుకూ ఇంటి గడపకూ మధ్య ఆ ఇంట్లో కాపురమున్న పొరుగువాడు నిలబడ్డాడు. 1946 మేలో కున్‌మదరాష్ పట్టణంలో, బతికి తిరిగొచ్చిన యూదుల మీద మూక దాడి చేసి ప్రాణాలు తీసింది.

ఈ వస్తువును దర్శకుడు వర్గదృష్టితో చూశాడు. తప్పుడు ఫిర్యాదు వెనక ఉన్నది అధికారి. దాని మీద సంతకం పెట్టింది పేదవాడు బాండి. అధికారికి దుకాణం దక్కింది, బాండికి ఇల్లు దక్కింది. చివరికి అంతరాత్మ ఉరితాడై బిగిసింది బాండి మెడకే. దోపిడీలోనూ, శిక్షలోనూ వాటాలు సమానం కావు.

నా అభ్యంతరం ముగింపు మీద. వచ్చినవాళ్లు ఆస్తి అడగరు. చనిపోయినవాళ్ల గుర్తులను, పిల్లల బూట్లతో సహా, శ్మశానంలో పాతిపెట్టి వెళ్లిపోతారు. శిల్పపరంగా అది గొప్ప దృశ్యమే. అయితే ఊరివాళ్లతో పాటు ప్రేక్షకుడూ అక్కడ ఊపిరి పీల్చుకుంటాడు. వాళ్లు దుకాణం తాళంచెవులు అడిగి ఉంటే? పెళ్లిబట్టల్లో ఉన్న కుర్రాణ్ణి బయటికి నడవమని ఉంటే? మన సానుభూతి అలాగే నిలిచేదా?

ఏమీ అడగని బాధితుణ్ణి ప్రేమించడం తేలిక. అతని కన్నీళ్లు రాయడం మన రచయితలకు బాగా వచ్చు. అతని దావాను, అది పాఠకుణ్ణి ఎంత ఇబ్బందిపెట్టినా సరే, రాయడం నేర్చుకోవాలి. ఈ చిత్రం ఆగిన చోటినుంచే ఆ కథ మొదలుకావాలి.